సన్నసెగ గీతలు

"ఈ భవనంలో ఇకమీదట ఎవరూ తొందరగా వండరాదు."

ఇది సన్నసెగ సంఘం మొదటి తీర్మానం. ఏకగ్రీవంగా నెగ్గింది. ఏకగ్రీవం అంటే అధ్యక్షురాలు చదివింది, మిగతావాళ్ళు ఆవిడ మొహం చూసి చేతులెత్తారు. రెండో తీర్మానం ప్రకారం తొందరగా ఉడికిన తిండి విషంతో సమానం. మూడో తీర్మానం ప్రకారం వంట జరుగుతున్నంతసేపూ ఎవరింటి తలుపు వాళ్ళు బార్లా తెరిచి ఉంచాలి. పొయ్యి మీద సెగ ఎంత సన్నగా ఉందో మెట్లెక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ కనబడాలి. నలుగురికీ కనబడని ఓపిక ఓపిక కాదని అధ్యక్షురాలి నమ్మకం.

అధ్యక్షురాలికి ఒక మరిది ఉన్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అన్న ఇంటి వెనకగదిలోనే కాపురం చేశాడు. భార్య పోయింది, గది మిగిలింది. వదిన అధ్యక్షురాలు గనక భవనంలో అందరికీ అతను మరిదే. మనిషి పొడుగు, మాట పొట్టి. ఎవరినీ ఏమీ అనడు. అన్నవాళ్ళని మరిచిపోడు.

సంఘానికి ఒక గురువు కూడా ఉన్నాడు. నిదానపు వంట మీద ఊరూరా ప్రసంగాలు చేసే పెద్ద డాక్టరు. అన్నీ మానేసి టోఫు తినండి, కానీ నిదానంగా వండుకు తినండి అని ఆయన ఉపదేశం. టోఫు అంటే సోయాపాలు విరగ్గొట్టి గట్టిపరిచిన తెల్లటి ముద్ద. దానికి సొంతంగా రుచీ లేదు, అభిప్రాయమూ లేదు. సంఘ సభ్యత్వానికి అన్ని అర్హతలూ ఉన్న పదార్థం.

వదిన దాన్ని పొద్దున్నే గిన్నెలో వేసి సన్నసెగ మీద పెట్టేది. పొద్దుగూకేసరికి అది కొంచెం కుంగి, కొంచెం కరిగి, వానలో తడిసిన అట్టముక్కలా తయారయ్యేది. మింగడానికి కళ్ళు మూసుకోవలసి వచ్చేది. చూసేవాళ్ళు అది తన్మయత్వం అనుకునేవాళ్ళు.

మరిది ఆ తన్మయత్వానికి దూరంగా ఉన్నాడు. అతని దగ్గర భార్య కొన్న కరెంటు శాండ్‌విచ్ మెషీన్ ఒకటుంది. టోఫు ముద్దను తువ్వాల్లో చుట్టి, దాని మీద తన పాత టికెట్ల పెట్టె పెట్టేవాడు. నీరంతా దిగిపోయాక వేలు మందాన ముక్కలు కోసి, దంచిన వెల్లుల్లి, మిరియాల పొడి, సోయా సాసు, చిటికెడు పంచదార, చెంచాడు నువ్వులనూనె కలిపి పట్టించేవాడు. మెషీన్‌లో పరిచి మూత నొక్కితే చుయ్యిమనేది. రేడియోలో ఒక పాట అయ్యేలోగా పైన కరకరలాడుతూ, లోపల వెన్నలా ముక్కలు సిద్ధం. మీద నిమ్మకాయ పిండడమే.

కిటుకు అతనిది కాదు, భార్యది. కొత్తలో ఆమె ఆ మెషీన్‌ను ఉమ్మడి వంటింట్లో పెట్టి అందరికీ చేసిపెట్టబోయింది. చుట్టాలు నలుగురూ కూర్చుని ఉన్నారు.

"ఇది వంట కాదే, ఇస్త్రీ" అంది వదిన.

చుట్టాలు నవ్వారు. భార్య కూడా నవ్వేసి ఊరుకుంది. అతను ఊరుకున్నాడు గానీ నవ్వలేదు. ఆ తర్వాత ఆమె గది తలుపు వేసుకునే వండేది. మెషీన్ పై పలకకు నాలుగు గట్లుండేవి. ఇనప పీచుతో ఒకేచోట పట్టి పట్టి తోమడం ఆమెకు అలవాటు. మూడో గట్టు మధ్యలో అరిగిపోయింది. అందుకని ముక్కల మీద మూడో గీత మధ్యలో తెగి పడుతుంది. ఆమె ఫోటో ఒకటి గోడకు ఉంది గానీ, మరిది ఆమెను చూసుకునేది ఆ తెగిన గీతలోనే.

అన్నయ్య రహస్యంగా వచ్చి తలుపు మీద గోటితో గీకేవాడు. నిలబడే నాలుగు ముక్కలు తిని, మూతి తుడుచుకుని, వెళ్ళి సన్నసెగ ముందు భక్తిగా కూర్చునేవాడు. మూతి తుడుచుకున్నాడు గానీ వెల్లుల్లి వాసన తుడుచుకోలేకపోయాడు. వదిన పట్టుకుంది.

"ఏమయ్యా మరిదీ, అధ్యక్షురాలి ఇంట్లోనే ఈ పాడు మెషీనా? నా పరువేం కావాలి?"

"నా గదిలో ఉంది వదినా. మీ పరువు హాల్లో ఉంది కదా."

"వెటకారాలొద్దు. వార్షిక విందుకి డాక్టరుగారు వస్తున్నారు. త్యాగ కార్యక్రమం పెట్టాం. తొందర వంట సామాను ఏదైనా ఒకటి ఆయన చేతికిచ్చి పాతసామాన్ల బండికి వేయించాలి."

"ఎవరెవరిస్తున్నారు?"

"అందరూ తమ ఇళ్ళలో అలాంటివి లేవని రాసిచ్చారు. నీది ఒక్కటే ఉంది. ఇస్తావా, గది ఖాళీ చేస్తావా?"

అన్నయ్య పైకప్పు కేసి చూశాడు. పైకప్పులో చూడదగ్గది ఏమీ లేదు. మరిది మెషీన్ తీసి వదిన చేతిలో పెట్టాడు. భార్య పోయిన రోజున కూడా అతనికి చేతులు అంత ఖాళీగా అనిపించలేదు.

విందు రోజు పొద్దుటినుంచీ భవనంలో తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ప్రతి ఇంట్లో ఒక పొయ్యి, పొయ్యి మీద ఒక గిన్నె, గిన్నె ముందు ఒక శాంతమూర్తి. మెట్లెక్కేవాళ్ళు ఆగి చూసి తలలూపి పోతున్నారు. ఇంటికొక టోఫు వంటకం రావాలి. సాయంత్రం నాలుగో తీర్మానం అమల్లోకొచ్చింది. దాని ప్రకారం అతిథి రాకముందు బట్టలు మార్చుకోవడానికి కాసేపు తలుపులు వేసుకోవచ్చు.

తలుపులన్నీ ఒక్కసారే మూసుకున్నాయి.

ఆ వెంటనే భవనమంతా చీకటైంది.

మరిది టార్చి తీసుకుని కిందికి దిగాడు. మెయిన్ స్విచ్చి మెట్ల కింద ఉంటుంది. అక్కడ అప్పటికే ఎవరో తడుముకుంటున్నారు. టార్చి వేస్తే సంఘం కార్యదర్శి. పై అంతస్తులో ఉండే రిటైరైన ఆడిట్ ఆఫీసరు.

"చెప్పు జారిపడిందయ్యా. వెతుకుతున్నా" అన్నాడు. చెప్పులు రెండూ కాళ్ళకే ఉన్నాయి.

వెనకనుంచి ఎదురింటి టీచరమ్మ దిగింది. "పిల్లి అరిచినట్టుంటే వచ్చానండీ." ఆ భవనంలో పిల్లి లేదు. ఆవిడ వెనక వదిన, చేతిలో గరిటెతో.

"కాస్త గాలికని" అంది వదిన.

మెట్ల కింద గాలాడదు. వెల్లుల్లి వాసన మాత్రం ముగ్గురి దగ్గరా సమానంగా ఉంది.

"కరెంటు పోయినట్టుంది" అన్నాడు మరిది.

"పోయిందా?" కార్యదర్శి చీకట్లో ఆశ్చర్యపోయాడు. "నేనసలు గమనించనే లేదు."

"గమనించడానికి మనకి దాంతో పనేముంది" అంది వదిన.

"అదే కదా. సన్నసెగవాళ్ళం."

"పోతే పోయిందిలెండి" అంది టీచరమ్మ.

ఎవరూ కదల్లేదు.

"అయితే రేపు చూద్దాం" అని మరిది వెనక్కి తిరిగాడు.

"అదెట్లా కుదురుతుందయ్యా?" వదిన దారికి అడ్డం వచ్చింది. "డాక్టరుగారు పెద్దాయన. మెట్ల మీద పడితే?"

"కొవ్వొత్తి పెడతా."

"పొగ ఆయనకి పడదు" అంది టీచరమ్మ. సంఘంలో ఎవరూ ఎప్పుడూ అంత తొందరగా మాట్లాడలేదు.

అతిథి కాళ్ళు క్షేమంగా ఉండాలని మరిది స్విచ్చి పైకెత్తాడు. మూసిన తలుపుల వెనక ప్రతి ఇంట్లోనూ ఏదో టిక్కుమంది. దీపాలు ఒకసారి వెలిగి మళ్ళీ పోయాయి. ఎత్తాడు. టిక్కుమంది. పోయాయి. ముగ్గురూ మెయిన్ స్విచ్చిని సొంత బిడ్డకు జ్వరమొచ్చినట్టు చూస్తున్నారు.

మరిదికి విషయం అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు. జీవితమంతా బస్సులో వాడిన గొంతు అది.

"అందరూ ఒక్కసారే బట్టలు మార్చుకుంటే లైను మొయ్యదు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మార్చుకోండి. ముందు పై అంతస్తు. తోసుకోవద్దు, అందరికీ చోటుంది. టీచరమ్మగారు మధ్యలో."

బట్టలకూ కరెంటు లైనుకూ సంబంధమేమిటని ఒక్కరూ అడగలేదు. గంభీరంగా తలలూపారు.

"మరి మేం?" అంది వదిన.

"మీరు చివర్న వదినా. అధ్యక్షురాలు కదా, ఓపిక ఎక్కువ."

ఆ ప్రకారమే భవనం మొత్తం క్రమశిక్షణగా బట్టలు మార్చుకుంది. అందరిదీ అయ్యాక వదిన తలుపు వెనకనుంచి టిక్కుమని చప్పుడు, ఆ వెనకే చుయ్యిమని ఇంకో చప్పుడు వచ్చాయి. తర్వాత వాసన వచ్చింది. వెల్లుల్లి, మిరియాలు, కాలుతున్న నువ్వులనూనె. పాళ్ళు అన్నయ్య చెప్పి ఉంటాడు. మరిది వసారాలో నిలబడిపోయాడు. ఆ ఇంట్లో ఆ వాసన ఎప్పుడూ మూసిన తలుపు వెనకనుంచే వచ్చేది. ఇప్పుడు తలుపు ఒక్కటే మారింది.

డాక్టరుగారు వచ్చారు. కింది హాల్లో బల్లల మీద వంటకాలన్నీ పేర్చారు. మూతలు తీశారు. అన్ని పళ్ళాల్లోనూ టోఫు ముక్కలు, అన్ని ముక్కల మీదా నాలుగేసి గోధుమరంగు గీతలు. స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. సభ్యులు ఒకరి పళ్ళెం వంక ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఎవరి పళ్ళెం వంకా ఎవరూ చూడలేదు.

డాక్టరుగారు అన్నిటినీ చూశారు. కాసేపు ఆలోచించారు.

"నిదానంగా ఉడికిన టోఫు తనంతట తనే గీతలు తేలుతుంది" అని ప్రకటించారు. "ఇది ఓపిక గీత."

హాలంతా ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టింది. ఆయన వదిన పళ్ళెంలోంచి ఒక ముక్క తిన్నారు. ఇంకోటి తిన్నారు. ప్రసంగం మరిచిపోయి ఇంకోటి తిన్నారు.

"అమ్మా, దీనికెంతసేపు పట్టింది?"

"పొద్దుటినుంచీ ఆ పొయ్యి ముందే ఉన్నానండీ" అంది వదిన వినయంగా.

మరిది వదిన పళ్ళెంలోంచి తన వంతు ముక్క చేతిలోకి తీసుకుని చూశాడు. మూడో గీత మధ్యలో తెగి ఉంది. ముక్కను నోట్లో పెట్టుకోలేదు. చొక్కా జేబులోంచి రుమాలు తీసి అందులో చుట్టుకున్నాడు.

కార్యదర్శి లేచి త్యాగ కార్యక్రమం ప్రకటించాడు. "మనలో ఒక బలహీనుడి దగ్గర దొరికిన తొందర వంట సామాను. వారం కిందటే అధ్యక్షురాలు స్వాధీనం చేసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు."

వదిన గబగబా లేచింది. "అది రేపిద్దామండీ, ఇప్పుడు టైం..." అనేలోగా అన్నయ్య గుడ్డసంచీతో హాల్లోకి వచ్చేశాడు. ఆయన ఆ ఇంట్లో చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. సంచీ డాక్టరుగారి చేతుల్లో పెట్టాడు.

"అబ్బ" అన్నారు డాక్టరుగారు. "వారం నుంచి బీరువాలో ఉన్నది ఇంకా కాలుతోందేమమ్మా?"

ఆయన సంచీలోంచి మెషీన్ తీశారు. దాని కొక్కెం అడుగున దాచినట్టుంటుంది. కొత్తవాళ్ళకు దొరకదు. డాక్టరుగారి బొటనవేలు చూడకుండానే వెళ్ళి అక్కడ నొక్కింది. మూత తెరుచుకుంది. పలక అంచున టోఫు ముక్క ఒకటి అంటుకుని ఇంకా ఆవిరి కక్కుతోంది.

"అయ్యో, మూడో గట్టు అరగదీశారే" అన్నారు ఆయన బాధగా. "ఇనప పీచు తగలనివ్వకూడదమ్మా. వేడి మీద తడిగుడ్డతో తుడిచెయ్యాలి. మా ఇంట్లోది ఇన్నేళ్ళు వాడినా చూడండి, గట్లు..."

ఆగిపోయారు.

మరిది లేచి వెళ్ళి ఆయన చేతుల్లోంచి మెషీన్ తీసుకున్నాడు.

"ఆ పీచు అలవాటు మా ఆవిడదండీ" అన్నాడు. సంచీ కూడా అడిగి తీసుకున్నాడు. గది ఖాళీ చేయమని వదిన అనలేదు. ఇంకెవరూ అనలేదు.

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమై ఐదో తీర్మానం చేసింది. "సన్నసెగ అనగా కంటికి కనబడని సెగ కూడాను." ఏకగ్రీవం.

ఆ సాయంత్రం వదిన పళ్ళెం పట్టుకుని వెనకగది ముందుకొచ్చింది. పళ్ళెంలో టోఫు ముక్కలు, నూనె పట్టించి సిద్ధంగా ఉన్నాయి.

"ఏమయ్యా మరిదీ, మీ అన్నయ్య ఆకలికి తట్టుకోలేకపోతున్నారు. నాకోసం కాదు. మనిషి చూస్తే జాలేస్తోంది. ఒక్కసారి ఆ మెషీన్ ఇస్తావా?"

మరిది మూడో తీర్మానాన్ని గౌరవించి తలుపు బార్లా తెరిచాడు. లోపల మంచం మీద అన్నయ్య కంచం ఒళ్ళో పెట్టుకుని, బుగ్గ నిండా నములుతూ ఉన్నాడు. వదినను చూసి నమలడం ఆపాడు గానీ కంచం వదల్లేదు.

వదిన పళ్ళెం చెయ్యి మార్చుకుంది.

"మెషీన్‌తో మీకేం పని వదినా" అన్నాడు మరిది. "అది వంటది కాదు, ఇస్త్రీది. చొక్కా ఏదైనా నలిగితే తీసుకురండి."

తలుపు మూయలేదు. ఆవిడ ఎదురుగానే రెండో వాయి పరిచి, మూత నొక్కి, రేడియో పెట్టాడు. పాట అవకముందే ముక్కలు కంచంలో పడ్డాయి. నిమ్మకాయ పిండుకుని గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తినడంలో మాత్రం ఏమాత్రం తొందరపడలేదు.