మా ససేమిరా వల్ల లాభాలు

ప్రతి ఇంట్లోనూ మాట వినని పిల్ల ఒకతి ఉండి తీరాలని చట్టం తేవాలి! లేని ఇళ్ళకు పక్కింటి నుంచైనా వంతులవారీగా సర్దాలి. నవ్వకండి. ఎనిమిదేళ్ళుగా ఆ భాగ్యం అనుభవిస్తున్నవాణ్ణి, సాక్ష్యాధారాలతో చెబుతున్నాను.

ముందు నా హోదా మనవి చేసుకోవాలి. నేను ఈతకొలనులో సూపర్‌వైజర్ని. నా ఈల ఒక్కసారి మోగితే నీళ్ళలో ఉన్న అరవై మందీ, బట్టతల బ్యాంకు మేనేజరుతో సహా, చచ్చినట్టు గట్టెక్కుతారు. ఆ ఈలను ఒకరోజు ఇంట్లో మోగించి చూశాను. స్నానానికి వెళ్ళాల్సిన మా అమ్మాయి సోఫాలో బాసింపట్టు వేసుకుని, ఇంకోసారి ఊదమంది. ఊదాను. బాగోలేదంది. ఆమె ముద్దుపేరు ససేమిరా అని వేరే చెప్పాలా?

ఇక లాభాలు. మొట్టమొదటిది గొంతు. 'బూట్లు వేసుకో' అన్న రెండే రెండు మాటల్ని బతిమాలుతూ, బెదిరిస్తూ, పాడుతూ, ఆఖరికి ఆమెకు కాకుండా గోడకు చెబుతూ రోజూ సాధన చేస్తే ఎవరి గొంతు పదునెక్కదు? కొలను దగ్గర ఇప్పుడు నాకు మైకు అక్కర్లేదు.

దాంపత్యం సంగతి చూడండి. నేనూ మా ఆవిడా ఒకప్పుడు కిటికీ తెరవాలా మూయాలా అని కూడా పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడంత తీరికేదీ? పొద్దున్న లేచింది మొదలు ఇద్దరం ఒకే పక్షం. ఎదుటిపక్షం గట్టిగా ఉంటే ఐకమత్యం దానంతటదే వస్తుంది!

చుట్టాల బెడద కూడా లేదు. నాలుగు రోజులు ఉండి వెళదామని వచ్చిన మా అక్కయ్య, ఆ టీవీ కాస్త కట్టెయ్యమ్మా అన్న పాపానికి ఆ సాయంత్రం బస్సుకే బయల్దేరింది. వెళుతూ వెళుతూ లోపమంతా పెంపకంలో ఉందనీ, రెండు తగిలిస్తే అదే దారికొస్తుందనీ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. సలహా ఇచ్చినవాళ్ళు మళ్ళీ రాకపోవడం కన్నా లాభం ఏముంటుంది?

బడి డైరీ పుణ్యమా అని నాకు చదివే అలవాటు కూడా అబ్బింది. క్లాసు టీచరు రోజూ అరపేజీ రాస్తుంది. "ఈ రోజు వరసలో నిలబడనంది. ఎందుకని అడిగితే వరస వంకరగా ఉందంది." కింద చిన్న అక్షరాలతో, "వంకరగా ఉన్న మాట నిజమే."

అన్నట్టు, మా అమ్మాయిని బడిలో విడిగా ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. కాళ్ళు బారజాపుకోవచ్చు. ఆ మధ్య క్లాసులో ఒక పాప పుట్టినరోజు వచ్చింది. ముప్పై ఒక్క మందికి పిలుపులందాయి. మాకు రాలేదు. ఇదీ ఒక లాభమేనని ఒక పేరా రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. ఆ రోజు ఆమె తన మంచి గౌను తనే వేసుకుని, సాయంత్రం దాకా విప్పనంది. మేమెవ్వరం విప్పమని అడగలేదు.

ఆ మర్నాడే పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ దీనికి అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్, అంటే అదేపనిగా ఎదురుతిరిగే రుగ్మత అని నోరు తిరగని పేరొకటి ఉందనీ, అవునో కాదో ఒక్కరోజులో తేల్చలేననీ అంది. ఒక పూర్తిరోజు ఇంట్లో ఏం జరుగుతోందో రాసుకుని రమ్మంది. నేను ఊరుకుంటానా? కొలను గేటు దగ్గర తలలు లెక్కపెట్టే కౌంటరు ఒకటి ఇంటికి తెచ్చాను. మీట నొక్కితే టిక్కుమని ఒక అంకె పెరుగుతుంది. ఆదివారం పొద్దున్న మొదలుపెట్టి ఆమె 'కాదు'లూ, 'ఊహూఁ'లూ లెక్కపెట్టడమే పని. పది గంటలకల్లా ఇరవై ఆరు. డాక్టరు ముందు ఈ అంకె పెట్టి, నా బాధ ఇదీ అని నిరూపిద్దామని నాకెంత ఉత్సాహమో!

ఇరవై ఏడోసారి నొక్కేలోపు ఆమె నా చేతిలోంచి కౌంటరు లాక్కుంది. పక్కనున్న మర తిప్పి సున్నా చేసింది. తనూ లెక్కపెడుతుందట. ఏమిటని అడిగితే చెప్పనంది. అది మామూలే.

సాయంత్రం భోజనాల బల్ల మీద కౌంటరు పెట్టింది. అంకె ఒకటి. పొద్దుటి నుంచి ఒక్కటే! నేను ఎన్నిసార్లు అరిచానో లెక్కపెట్టిందేమో, తప్పు లెక్క అయినా నాకు లాభమేగదా అని లోలోపల సంతోషించి, ఏమిటది అన్నాను.

"నన్నెవరైనా మంచిగా అంటారేమోనని."

"మరి ఆ ఒక్కటీ?" అంది మా ఆవిడ.

"కింద వాటా వాళ్ళ కుక్కని నాన్న బంగారుతల్లీ అన్నాడు. నేను పక్కనే ఉన్నా. అందుకని నొక్కా."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. మా ఆవిడ నీళ్ళ గ్లాసు అందించింది కానీ నా మొహం చూడలేదు.

కౌంటరు మాత్రం తిరిగివ్వనంది. ఆ కథంతా డాక్టరుకు చెప్పాం. ఆవిడ నవ్వలేదు. తర్వాత ఇంకో రెండుసార్లు చూసి, టీచరుతోనూ మాట్లాడి, నోరు తిరగని పేరే ఖాయం చేసింది. ఇది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు, ఆ కోపాన్ని అదుపులో పెట్టుకోవడం పిల్లకే కష్టంగా ఉంది అంది. ఒకసారి ఒకే మాట చెప్పండి, రెండిట్లో ఒకటి ఎంచుకోనివ్వండి, కోపం మీదున్నప్పుడు వాదించకండి, సరిగ్గా చేసిన చిన్న పనిని వెంటనే పేరుపెట్టి మెచ్చుకోండి, నెలలు పడుతుంది అంది. ఆమె మారడానికి ముందు మీరు మారాలి అంది.

నేను కుదరదన్నాను. నా వల్ల కాదన్నాను. మా నాన్న నన్నిలా పెంచలేదన్నాను. అసలు తప్పు బడిదన్నాను. చేతులు కట్టుకుని కుర్చీలో పక్కకు తిరిగి కూర్చున్నాను.

"చూశారుగా డాక్టరుగారూ, ఈయనకి ఎన్ని నెలలు పడుతుంది?" అంది మా ఆవిడ.

ఇంతకీ నా ఫిర్యాదు పిల్ల మీద కాదు. అరవై మంది నా ఈల వింటున్నారు గనక అరవై ఒకటో మనిషి కూడా వినాలనుకున్న పెద్దమనిషి మీద.

నిన్న సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చింది. ఒక బూటు స్టాండులో పెట్టింది. రెండోది హాలు మధ్యలో వదిలేసింది. ఈల కోసం నా చెయ్యి జేబులోకి పోయింది. బయటికి తీశాను, ఈల లేకుండానే.

"బూటు స్టాండులో పెట్టావే, బాగుందమ్మా" అన్నాను.

"నేను పెట్టలా. అదే పడింది" అని గదిలోకి పోయి ధడాలున తలుపేసుకుంది.

రెండో బూటు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. అది ఎంత కష్టమో పిల్లలున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కాసేపటికి తలుపు వెనకనుంచి టిక్కుమని చిన్న చప్పుడు వినిపించింది.