అరవై ఏడో నంబరు కుడి మడమ

ఏమయ్యా, సోఫాలో జారగిలబడి కోచ్‌కి పాఠాలు చెప్పే పెద్దమనిషీ! నిన్నే. ఆ చిప్స్ పొట్లం కాస్త పక్కన పెట్టి విను. మా వాల్‌బర్గ్‌లో నీలాంటి నిపుణులు ముప్పై వేలమంది ఉన్నారు. ఊరి జనాభా ఇరవై ఎనిమిది వేలు. మిగతా రెండు వేలమంది ఇంకా పుట్టలేదు గానీ, అభిప్రాయాలు మాత్రం సిద్ధంగా ఉన్నాయి.

మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వరసగా మూడు ఆటలు ఓడిన శుభసందర్భంలో, కారణం కనిపెట్టే బాధ్యతను పళ్ళ డాక్టరు రోలిన్ టీగ్ గారు తమంతట తామే స్వీకరించారు. టీవీలో వచ్చిన ఆటను ఆపి, వెనక్కి తిప్పి, ఎర్ర సున్నాలు చుట్టి, పసుపు బాణాలు గీసి వీడియోలు చేస్తారు. ఆసుపత్రి కుర్చీ ఎదురుగా కూడా అవే ఆడతాయి. నోట్లో దూది కుక్కించుకున్నవాళ్ళు ఎవరూ ఇంతవరకూ ఆయనతో విభేదించలేదు.

టీవీ కెమెరాకి మైదానం సగమే కనిపిస్తుంది. ఎవరిని ఎటు కదలమని కోచ్ చెప్పాడో డాక్టరు గారికి తెలియదు. ఈ రెండు చిన్న లోపాలు మినహా ఆయన విశ్లేషణ నిర్దుష్టం.

విచారణలో తేలిన దోషి అరవై ఏడో నంబరు కార్బిన్ వోండ్రాక్. ఈ ఆటలో బంతిని చేత్తో విసురుతారు, లేదా పట్టుకుని పరిగెత్తుతారు. బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడి ఎదుటివాళ్ళను ఆపడం ఇతని పని. చదువులో ఇదే ఆఖరి ఏడాది. వచ్చే శనివారం మా ఊళ్ళో చివరి ఆట. ఆ రోజు ఆఖరి ఏడాది కుర్రాళ్ళు తల్లి చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకు నడుస్తారు, ఊరు చప్పట్లు కొడుతుంది. అరవై ఏడు వచ్చినప్పుడు మాత్రం గోల చేసి వెనక్కి పంపాలని ఆరువేలమంది సంతకాలు పెట్టారు.

కార్బిన్ తల్లి మార్లిస్ మా చర్చిలో ఆదివారం పాన్‌కేకులు వేస్తుంది. ఆ వారం అన్నీ మాడ్చింది.

"నడవడానికని కొత్త కోటు కొనుక్కున్నా బాబాయ్," అంది. "వాళ్ళు గోల చేస్తే నేనేం చెయ్యను? చెవులు మూసుకోనా, వాడి చెయ్యి పట్టుకోనా?"

నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నాకు చేతనైంది ఒకటే, అబద్ధం. కుర్రాడికి ఓ బూటకపు లోపం అంటగడతాను, డాక్టరు దాన్ని వీడియోలో తప్పకుండా కనిపెడతాడు, అప్పుడు నలుగురిలో గుట్టు విప్పుతాను. ఇక ఆయన మాట ఎవరు నమ్ముతారు?

సోమవారం పన్ను నొప్పని వెళ్ళాను.

"అరవై ఏడు కుడి మడమ గమనించారా డాక్టరు గారూ? మనవాళ్ళు బంతి పట్టుకుని పరిగెత్తబోయే ముందు పైకి లేస్తుంది. విసరబోయే ముందు లేవదు. ఎదుటివాళ్ళు అది చూసే మనల్ని చితక్కొడుతున్నారు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమయ్యా వెర్లిన్?"

"ఇన్నాళ్ళూ నా నోట్లో మీ చేతులున్నాయి కదండీ."

మంగళవారానికి వీడియో వచ్చేసింది. మడమ లేచిన సందర్భాలు పదిహేడు. లేవని ఆరుచోట్ల "దాస్తున్నాడు" అని రాశారు.

బుధవారం మంగలి గస్ షాపులో, జనం నిండుగా ఉన్నప్పుడు, లేచి గుట్టు విప్పాను. "ఒరేయ్, ఆ మడమ కథ నేను పుట్టించిందిరా!"

"కూర్చో పెద్దాయనా," అన్నాడు గస్. "కోత మిషన్లు బాగుచేసుకునేవాడివి, నీకేం తెలుసు? మేం కళ్ళారా చూశాం."

పక్క కుర్చీలో ఉన్న డాక్టరు గారు నా భుజం తట్టారు. "కొందరు తమకు తెలియకుండానే నిజం చెబుతారు. వారినీ గౌరవించాలి."

సంతకాలు తొమ్మిది వేలయ్యాయి. మార్లిస్ ముఖం చూడలేక నేను చర్చి మానేద్దామనుకున్నాను.

శనివారం ఆమె కొత్త కోటుతో, కొడుకు చెయ్యి పట్టుకుని మైదానంలోకి వచ్చింది. ఒక్కరూ గోల చెయ్యలేదు. చెయ్యడానికి తీరికేదీ? ఊరంతా దుర్భిణీలు పెట్టి అతని కుడి మడమ చూస్తోంది. ఆమె దాన్ని గౌరవమనుకుందని నేననుకున్నాను.

ఆఖరి నిమిషం. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. కార్బిన్ వంగాడు. దేవుడి తోడు, మడమ లేచింది! నా కళ్ళతో నేను చూశాను. బెంచీ ఎక్కి అరిచాను, "పరుగే! పరుగెత్తబోతున్నార్రా!" ఎదుటి జట్టు కూడా అలాగే అనుకుని మూకుమ్మడిగా ముందుకు దూకింది. మా బంతి విసిరేవాడు తాపీగా వాళ్ళ నెత్తిమీంచి విసిరాడు, అవతలి గీత దాటి మావాడొకడు పట్టుకున్నాడు, ఆరు పాయింట్లు. గెలిచాం. ఊరంతా లేచి "అరవై ఏడు! అరవై ఏడు!" అని చప్పట్లు కొట్టింది.

మార్లిస్ ఏడుస్తూ, నవ్వుతూ నా దగ్గరికొచ్చింది. "డాక్టరు వీడియో ఎదుటి జట్టువాళ్ళూ చూస్తారని కోచ్‌కి తెలుసు బాబాయ్. విసిరేముందు కావాలనే మడమ లేపమన్నాడు. వారమంతా వంటింట్లో ఇదే సాధన. అయినా నువ్వేంటి, పరుగు పరుగని అరిచావు? ఆ మాట పుట్టించిందే నువ్వు కదా!"

గెలుపుకు కారణమైన విశ్లేషణకు గాను డాక్టరు గారికి సన్మానం జరిగింది. శాలువా లేదు గానీ ఊరేగింపు ఉంది.

మర్నాడు పొద్దున్నే కూర్చుని సెప్టెంబరు ఆటలు మళ్ళీ వేశాను, నేను అబద్ధం పుట్టించడానికి రెండు నెలల ముందువి. చెబితే నమ్మవు. వాటిలోనూ మడమ లేస్తోందయ్యా! పదకొండు చోట్ల సున్నాలు చుట్టాను. పంపిస్తాను, నువ్వూ చూడు. సరిగ్గా చూస్తే నీకూ కనిపిస్తుంది.