పద్మి వేళ్లు

ఎల్లారెడ్డిలో ఆ ఉదయం సాయిలత అనుకున్నది ఒక్కటే: నాలుగేండ్ల పద్మప్రియను వేళకు బడికి పంపాలని. "గుండీలు నువ్వే పెట్టుకో బిడ్డా," అంది. పద్మి గుండీని పట్టుకోలేదు. ఫోన్‌లో బొమ్మను జరిపినట్టు దాన్ని వేలితో పక్కకు తోసింది. గుండీ జరగకపోయేసరికి ఇంకాస్త గట్టిగా తోసింది.

సాయిలతకు భయం పట్టుకుంది. పిల్ల బలపం కూడా పట్టలేకపోతోందని టీచరమ్మ ఎప్పుడో చెప్పింది. వంటకు అడ్డు రాకుండా పిల్ల చేతికి రోజూ ఫోనిచ్చింది తనే.

"అత్తా, పిల్ల వేళ్లల్ల బలం లేదు. కామారెడ్డిల చూపించుకొస్త," అని పిల్లను చంకనెత్తుకొని బస్సెక్కింది.

కాసేపటికి మస్కట్‌లో పని చేస్తున్న సాయిలత మొగుడు మల్లేష్, తల్లి పోచవ్వకు ఫోన్ చేశాడు. "ఏం చెప్పాలె కొడుకా!" అని పోచవ్వ గొల్లుమంది. "పిల్లకు చేతులు పడిపోయినయట!"

కామారెడ్డిలో డాక్టరమ్మ పద్మి చేతులు అటూ ఇటూ వంచి చూసింది. "రోగం లేదమ్మా, వేళ్లకు పని లేదు. ఫోన్ బంద్ చెయ్యి. పిండి పిసకనియ్యి, మట్టిల ఆడనియ్యి."

సాయిలత భయం అంతటితో తీరలేదు. ఇంటికి రాగానే తన ఫోనూ అత్త ఫోనూ ఆపి, పెట్టెలో పెట్టి తాళం వేసింది. మొగుడికి అత్త అంతా చెప్పే ఉంటుందనుకుంది.

అత్త చెప్పింది మరి. రెండు ఫోన్లూ పలకకపోయేసరికి మల్లేష్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. మేస్త్రీ కాళ్లావేళ్లా పడి సెలవు తీసుకొని, వారం తిరక్కుండా వాకిట్లో దిగాడు.

"బిడ్డా, నీ చేతులు!"

మట్టితో రొట్టెలు చేస్తున్న పద్మి పరుగున వచ్చి, ఆ రెండు చేతులూ నాన్న తెల్లచొక్కాకు పూసింది. మల్లేష్ నోరు తెరిచి తల్లి వైపు చూశాడు.

"బలం లేదంటే పడిపోయినట్టే గద!" అంది పోచవ్వ.

ఏడుపూ నవ్వూ కలగలిసి మల్లేష్ సంచిలోంచి ఓ డబ్బా తీశాడు. "కొత్త ట్యాబ్. చేతులతోటి పనే లేదు, నోటితోటి చెప్తే నడుస్తదట. పాపం, పిల్లకని తెచ్చిన."

సాయిలత అందుకోబోయేలోపే పద్మి డబ్బా లాక్కొని, సీలును గోటితో గీరి, కొసను రెండు వేళ్లతో పట్టి ఒడుపుగా ఊడదీసింది.

చేతులకేం కాలేదని మల్లేష్‌కు పూర్తిగా నమ్మకం కుదిరింది.