పెరటి కుంటలో రంధ్రం

ఆ శీతాకాలం వంతల రాజులమ్మను ఆమె పెరటి కుంటలోనే రంధ్రంగా నియమించారు.

మంచుమెట్ట కొండమీది ఊరు. ఆ యేడు చలికి కుంటలు గడ్డకట్టడం మొదలైంది. పైన మంచు పూర్తిగా మూసుకుంటే అడుగున చేపలకు ఊపిరాడదు. ఎక్కడో ఒకచోట నీళ్ళు తెరిచి ఉండాలి. కర్రతో బాదితే ఆ అదురుకే చేపలు చస్తాయని రాజులమ్మ వేడినీళ్ళ బిందెతో గట్టు దిగింది. పర్యాటక అధికారి భుజంగరావు వచ్చి ఆపాడు.

"కరిగించకూడదమ్మా. గడ్డకట్టిన క్షణం నుంచి అది ప్రభుత్వ ఆస్తి. కింద నీళ్ళు మాత్రం నీవే."

"చేపలు చచ్చిపోతాయి బాబూ."

"చేపలూ నీవే. కాదనడం లేదు." ఆయన మర్యాదస్తుడు. కాసేపు ఆలోచించాడు కూడా. "రంధ్రం చెయ్యడం నేరం. అదే తనంతట తాను నిలబడి ఉంటే మాకు అభ్యంతరం లేదు."

"నిలబడి ఉంటే అంటే?"

"నిలబడటమే."

రాజులమ్మ బిందె పక్కనపెట్టి, కుచ్చెళ్ళు దోపుకుని, ఇంకా మూసుకోని మూల చూసి దిగింది. నడుం లోతు. ఒంటివేడికి చుట్టూ జానెడు మేర నీళ్ళు గడ్డకట్టలేదు. సాయంత్రానికి నియామకం ఖరారైంది. రంధ్రమంటే లేకపోవడమే కనుక జీతం మాట రాలేదు.

చేపలు మెల్లగా ఆమె మోకాళ్ళ చుట్టూ చేరి, మొప్పలు మాత్రం ఆడిస్తూ ఉండిపోయాయి. భర్త సోమన్న గట్టుమీంచి అంబలి అందించేవాడు. మంచు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫోటోలో అడ్డం వస్తున్నావు, కాస్త వంగమనేవారు. ఆమె వంగేది కాదు. వంగితే రంధ్రం చిన్నదవుతుంది.

చలి బాగా ముదిరిన ఒక ఉదయం మంచు ఆమె నడుముకు ఆనుకుంది.

"పైకి రాయే రాజులూ. చేపలు మళ్ళీ కొనుక్కుందాం," అన్నాడు సోమన్న.

"కొన్నవి వేరే చేపలు. ఇవి నా చేతి తవుడు తిన్నవి."

సోమన్న పంచె ఎగ్గట్టి దిగి, ఆమెను పైకి నెట్టి, ఆ చోట తను నిలబడ్డాడు. అప్పట్నుంచి వంతులు. భుజంగరావు చూసి తప్పుపట్టలేదు. "రంధ్రం అదే కదా. మనిషి మారితే మాకేం?"

మాఘం దాటాక మంచు విడిచింది. ఒక్క చేప చావలేదు. రాజులమ్మ కాలివేళ్ళు రెండు నల్లబడ్డాయి. భుజంగరావు స్వయంగా వచ్చి అభినందించాడు. కుంటలకు గాలిపంపులు పెట్టాలన్న ప్రతిపాదన ఇక అవసరం లేదని పైవాళ్ళు తేల్చారట.

మరుసటి యేడు ఎవరూ ఎవర్నీ నియమించలేదు. చలి రాగానే ఇంటికొకరు దిగారు. పక్కింటి కొత్త కోడలు ముత్యాలు నీళ్ళు తగలగానే కెవ్వుమంది.

తన కుంటలోంచే రాజులమ్మ దడి మీదుగా చూసింది. "మోకాళ్ళు కదపకు. చేపలు బెదురుతాయి."

"కాళ్ళు కోసుకుపోతున్నాయక్కా!"

"మొదటి వారమే. తరవాత అవి నీ కాళ్ళని తెలీదు."

ముత్యాలు తలూపింది. చేతులు కట్టుకుని, సరిగ్గా నిలబడింది.