అల్లుడిపై అభ్యంతరాలు

ఆ సోమవారం నారాయణప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నర బస్సుకు పుంగనూరు వెళ్ళాలి, లాయరు సుబ్బరాయుడి చేతిలో అల్లుడి కాగితాలు పెట్టాలి, మధ్యాహ్నం భోజనానికి మదనపల్లెకు వచ్చేయాలి.

అల్లుడి పేరు కెంజి. జపాన్ మనిషి. తొంభై ఆరులో పట్టుదారం తీసే మిషన్లు బిగించడానికి వచ్చి, నారాయణప్ప షెడ్డులో నాలుగు మిషన్లు బిగించి, ఆయన కూతురు దీపికను పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. రెండేళ్ళలో రాగిసంగటి మింగడం నేర్చాడు, మాటకు ముందు "ఏమప్పా" అనడం నేర్చాడు. నారాయణప్పకు అతనంటే ప్రాణం. ఆ సంగతి పైకి మాత్రం చెప్పడు. ఇప్పుడు కంపెనీ పని ముగిసింది, వీసా ఇంకో నలభై రోజుల్లో ముగుస్తుంది. గడువు పెంచకపోతే కెంజి వెళ్ళిపోవాలి. ఆరో నెల గర్భంతో దీపిక కూడా వెంట వెళుతుంది. అది తలచుకుంటే నారాయణప్పకు ముద్ద దిగడం లేదు.

"దీనికి ఇమ్మిగ్రేషన్ లాయరు కావాలంట మామా. బెంగుళూర్లో ఉండారంట. ఆడికి పోదాం," అన్నాడు కెంజి.

"బెంగుళూరు లాయరు మనకేం తెలుసప్పా? సుబ్బరాయుడు మన చింతతోపు కేసు పదకొండేండ్లు నడిపి గెలిపిచ్చినాడు. ఆయన ముందర వీసా ఒక లెక్కా?"

సుబ్బరాయుడు జన్మలో భూమి కేసు తప్ప మరొకటి ముట్టుకున్నవాడు కాదు. ఆ మాట ఒప్పుకునే అలవాటు కూడా ఆయనకు లేదు. నారాయణప్ప తెచ్చి ఇచ్చిన పాస్‌పోర్టును అటూ ఇటూ తిప్పి, సర్వే నంబరు కోసం వెతికినట్టు వెతికి, పక్కన పెట్టాడు.

"వీసా అంటే ఏముండాది నారాయణప్పా? ఒక మనిషి ఒక జాగాలో ఉండేదానికి హక్కు. దాన్నే మేము స్వాధీనం అంటాం. మీ వాడు ఎన్నేండ్లుగా స్వాధీనంలో ఉండాడు?"

"రెండేండ్లు."

"అయ్యో! పన్నెండేండ్లయి ఉంటే ఎవుర్నీ అడిగే పనే లేకపోయె. సరే, ముందు పేపర్లో నోటీసు వేస్తాం. అభ్యంతరాలు లేవని తేలితే ఫైలు గట్టిగుంటాది."

నారాయణప్పకు ఇది సబబుగానే తోచింది. పేపరు నోటీసు వేయకుండా ఆయన పావు ఎకరం కూడా కొన్నది లేదు. మనిషి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం కదా అనుకున్నాడు.

గురువారం నోటీసు పడింది. "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా, దిగువ షెడ్యూలులో వివరించిన కెంజి అను అల్లుడిని నా కక్షిదారు నారాయణప్ప తన ఇంట శాశ్వతంగా ఉంచుకొనదలచినారు. సదరు అల్లుడిపై ఎవరికైనా హక్కులుగానీ అభ్యంతరాలుగానీ ఉన్నచో పదిహేను రోజులలోగా తెలియజేయవలెను." షెడ్యూలులో అల్లుడి వయసు, ఎత్తుతో పాటు హద్దులూ ఉన్నాయి. తూర్పున మునికృష్ణ ఇంటివైపు ప్రహరీ, మిగతా మూడు వైపులా వీధులు.

పేపరు టమోటా మార్కెట్టుకు చేరిన గంటకల్లా, అల్లుడిని ఎందుకు అమ్ముతున్నావని ఇద్దరు ఫోన్ చేశారు. అదేమంత పెద్ద సంగతి కాదు. పెద్ద సంగతి ఏమిటంటే, మన వైపు జనాన్ని అభ్యంతరం ఉందా అని అడిగితే, లేదు అనడం మర్యాద కాదనుకుంటారు. వారం తిరిగేసరికి మూడు జాబులు వచ్చాయి.

మొదటిది కుప్పం నుంచి, నారాయణప్ప అక్క గంగులమ్మది. మేనత్త కొడుకుగా తన ప్రవీణ్‌కు దీపికపై మొదటి హక్కు ఉందని, దాన్ని తోసిపుచ్చి ఈ అల్లుడిని తెచ్చారని రాయించింది. రెండోది నిమ్మనపల్లె నుంచి, భార్య మునిలక్ష్మమ్మ అన్న నరసింహులుది. పిల్లకు మేనమామనైన తనను పెళ్ళి భోజనాల్లో రెండో పంక్తిలో కూర్చోబెట్టినందువల్ల ఆ పెళ్ళిని తాను పూర్తిగా ఒప్పుకోలేదన్నాడు. మూడోది పక్కింటి మునికృష్ణది. అల్లుడి మీద ఆయనకు ఏ కోపమూ లేదు. అతని తూర్పు హద్దు మాత్రం తప్పు.

నారాయణప్ప ఆ మధ్యాహ్నమే కుప్పం పరిగెత్తాడు.

"అక్కా, నీ కొడుక్కి పెండ్లయి ఇద్దురు బిడ్లుండారు. యాల రాపిచ్చినావు ఇది?"

"పెండ్లయితే ఏం? హక్కు హక్కే. నువ్వు ఆ పొద్దు నన్నొక మాట అడిగినావా? అడిగింటే నేనే ఒద్దందును. అడగలా. ఇప్పుడు పేపర్లో అడిగినారు, చెప్పినా."

"ఆ పిల్లోడు ఎల్లిపోతాడక్కా! వాపసు తీసుకో!" నారాయణప్ప గొంతు పెరిగింది.

"అరుస్తాండావా? ఉండు, నువ్వు నా ఇంటికొచ్చి అరిసినావని ఇంకో జాబు రాపిస్తా."

అన్నంత పనీ చేసింది.

అదే రోజు అన్నను సముదాయించడానికి నిమ్మనపల్లె వెళ్ళిన మునిలక్ష్మమ్మ, అన్న చెప్పిందే నిజమని ఒప్పుకుని తిరిగి వచ్చింది. చెల్లెలు కూడా ఒప్పుకున్నదంటూ నరసింహులు రెండో జాబు పంపాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్న కెంజి, తన వంతు సాయంగా టేపు తీసుకుని ప్రహరీ కొలిచాడు.

"మామా, మన గోడ ఎనిమిది అంగుళాలు వాళ్ళ జాగాలో ఉండాది. మునికృష్ణన్నకు చెప్పేసినా. రాసిచ్చినా గూడా."

"యాల చెప్పినావు నాయనా?"

"అడిగినాడు కదా మామా."

మునికృష్ణ ఆ కాగితాన్నీ లాయరుకు పంపడంతో మొత్తం ఆరయ్యాయి. వాటిని చించేయమని నారాయణప్ప ఎంత బతిమాలినా సుబ్బరాయుడు వినలేదు. వచ్చిన అభ్యంతరం దాచడం ఆయన ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో లేదు. ఆరింటినీ నంబర్లు వేసి, దారంతో కుట్టి, దరఖాస్తుకు జతచేశాడు.

చిత్తూరులో విదేశీయుల కాగితాలు చూసే ఆఫీసరమ్మ ఫైలంతా మొదటి నుంచి చివరిదాకా చదివింది. మధ్యలో రెండుసార్లు కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు కోపం వచ్చిందనుకున్నాడు నారాయణప్ప. ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"అమ్మా, ఆ జాబుల్లో రాసిండేదంతా నిజమే. నేను మా అక్కను అడగలా. మా బావను రెండో పంక్తిలో కూర్చోబెడితి. గోడ గూడా తప్పే. అయినా మా పిల్లోడ్ని పంపీవద్దమ్మా. వాడు లేకపోతే నాకు ఇల్లు ఇల్లు మాదిరి ఉండదు."

పక్కనున్న కెంజి తల వంచుకున్నాడు. ఈ మాట అతను వినడం ఇదే మొదటిసారి.

"వీసా కోసం కాగితం మీద చేసుకునే పెళ్ళిళ్ళు నా దగ్గరికి చాలా వస్తాయండీ," అంది ఆఫీసరమ్మ. "శుభలేఖ, ఫొటోలు, సాక్షులు, అన్నీ చక్కగా ఉంటాయి. దొంగ పెళ్ళికి రెండో పంక్తి గురించి ఎవరూ పోట్లాడరు. ఇంత నిజమైన పెళ్ళి నేను ఇంతవరకూ చూడలేదు. ఏడాదికి సిఫారసు చేస్తున్నాను. వచ్చే ఏడు మళ్ళీ వచ్చేటప్పుడు, కాపురం సాగుతోందని ఇలాంటి రుజువులే తీసుకురండి."

మదనపల్లె బస్సు చిత్తూరు దాటకముందే నారాయణప్ప జేబులోంచి పెన్ను తీసి, పుట్టబోయే బిడ్డ నామకరణానికి ఎవరెవరిని పిలవకూడదో పట్టీ రాసుకోవడం మొదలుపెట్టాడు.