చిటపటపై సంయుక్త విచారణ

లోకంలో ఏ చప్పుడూ అనాథగా పుట్టదు. ప్రతి చప్పుడూ ఏదో ఒక శాఖకు చెందే ఉంటుంది. ఆ శాఖ ఏదో తేలేవరకు దాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో పుట్టిన బిడ్డకు ఈ ధర్మాన్ని ఉగ్గుతోపాటే పోస్తారు. మా ట్రాఫిక్ కాలనీలో అయితే ఉగ్గుకంటే ముందే పోస్తారు.

(మా పెళ్ళైన కొత్తలో క్వార్టరులో పంకా కీచుమనేది. ఆ కీచు రెక్కలదా, రెక్కలను మోసే కొక్కేనిదా, కొక్కేన్ని మోసే కప్పుదా అని మూడు శాఖలు వాదించుకున్నాయి. అది తేలేలోపు నాకు ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ ఆ కీచు వింటేగాని నిద్రపోయేవారు కాదు.)

మా మనవడు వినోద్ ఈ ధర్మం ఒంటబట్టకుండానే స్టూడియో పెట్టాడు. స్టూడియో అంటే మా వెనక గది. బియ్యం డ్రమ్ము బయటికి జరిపి, గోడలకు నా బొంతలు వేలాడదీసి, నడుమ ఒక మైకు, ఒక కంప్యూటరు, రెండింటినీ కలిపే ఒక వైరు పెట్టుకున్నాడు. ఊళ్ళో పాడేవాళ్ళు వచ్చి రికార్డు చేయించుకుంటారు.

మా పక్క వరసలో ఉండే దేవమణి కూడా అలాగే వచ్చింది. ఈ వీధి పిల్లలందరినీ, వినోద్‌తో సహా, నిద్రపుచ్చింది ఆవిడ జోలపాటే. ఆ పాటలో రైళ్ళు ఒక్కొక్కటే నిమ్‌పురా షెడ్డుకు చేరి కళ్ళు మూసుకుంటాయి. మారాం చేసే ఆఖరి గూడ్సు బండిని కూడా బుజ్జగించాకగాని పాట ముగియదు. ఆవిడకు గొంతులో గడ్డ లేచింది. కోల్‌కతాలో ఆపరేషను. ప్రాణానికి భయం లేదు గాని గొంతుకు మాత్రం హామీ ఇవ్వలేమన్నారు డాక్టర్లు. కూతురు ఏంజలిన్‌కు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు ఆ పాట దాచి ఉంచాలని దేవమణి కోరిక.

"ఒరే వినోదూ, నాను కోల్‌కతా ఎల్లేలోపు అయిపోవాల. ఆ తరవాత ఈ గొంతు నాది కాదటరా" అంది.

పాడింది. వినోద్ వినిపించాడు. పాట ఉంది. పాట వెనకాల చిటపట కూడా ఉంది, కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు. వాడు వైరు కదిపితే చిటపట పెరిగింది, వదిలితే తగ్గింది. వైరు పోయిందని, ఝపటాపూర్ బజారుకు వెళ్ళి కొత్తది తెస్తానని చెప్పులు వేసుకున్నాడు. ఈ కథ అక్కడితో అయిపోవలసింది. కానీ గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు. గణపతిరావుగారు రైలు పట్టాల శాఖలో తల నెరిసి రిటైరైన మనిషి.

"ఏటీ ముట్టుకోకు. యాక్సిడెంటు అయిన కాడ ఎంక్వయిరీ అవకుండా బోల్టు కూడా కదపకూడదు" అన్నారు. చాక్‌పీసుతో వైరు చుట్టూ గీత గీశారు. (గీత గీసిన వస్తువును మా కాలనీలో కుక్క కూడా వాసన చూడదు.)

సంయుక్త విచారణ అంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. బండి పట్టా తప్పినచోట అన్ని శాఖలవారూ కూడి, తప్పు తమది కాదని అందరూ ఒకే కాగితం మీద సంతకం పెడతారు. ఒప్పుకోనివారు కింద అసమ్మతి రాస్తారు. అంతవరకు బండి పడినచోటే పడి ఉంటుంది.

పట్టాల తరఫున మా ఆయన కూర్చున్నారు. కరెంటు తరఫున పక్కింటి హరిబాబు వచ్చాడు, అతనూ రిటైరే. వంటింటి తరఫున నన్ను పిలిచారు. సభ్యురాలిగా కాదు, అనుమానితురాలిగా పిలిచారని అందరికీ టీ ఇచ్చాక తెలిసింది.

"మా కరెంటు గంగాజలం దాదా. ఈ చప్పుడు సూడబోతే పోపు లాగున్నాది" అన్నాడు హరిబాబు.

విచారణ ముగిసేవరకు మా ఇంట పోపు నిషేధించారు. పోపు లేని పప్పు తిన్నాం, పోపు లేని చారు తాగాం. చిటపట తగ్గలేదు. నిషేధమూ తొలగలేదు. తొలగించాలంటే అది పనికిరాని నిషేధమని ఎవరో ఒకరు సంతకం చేయాలి.

తర్వాత మా ఆయన తన శాఖ అనుభవాన్నంతా బయటికి తీశారు. పట్టా బలహీనంగా ఉన్నచోట బండి నెమ్మదిగా నడవాలి. కాబట్టి పాటలో చిటపట వచ్చేచోట దేవమణి నెమ్మదిగా పాడాలి. మైకు పక్కన కుర్చీ వేసుకుని, ఆ చోటు రాగానే చెయ్యి అడ్డంగా చాపేవారు. ఆవిడ ఒక్కో మాటా సాగదీసి పాడేది. పాట నిడివి పెరిగింది. దానితోపాటు చిటపట నిడివీ పెరిగింది.

మైకు తయారుచేసిన వారిని కూడా విచారణలో చేర్చారు. ఫోనులో వారి సహాయకుడు (మనిషి కాదట) మీ చిటపట మాకెంతో ముఖ్యమని చెప్పి, అన్నీ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టమన్నాడు. సాక్ష్యం తారుమారవుతుందని మా ఆయన ఒప్పుకోలేదు.

పరీక్షలో తప్పిన రికార్డును అప్పటికప్పుడే చెరిపేయాలన్నది మరో నియమం. పాడైన సరుకు పక్కనే పడి ఉంటే ఎవరైనా మంచిదనుకుని వాడేస్తారు కదా. వినోద్ కూడా అడ్డు చెప్పలేదు. మంచిది ఎలాగూ వస్తుందనుకున్నాడు. మేమందరం అలాగే అనుకున్నాం.

ఎవరూ చూడకుండా వాడొకసారి కొత్త వైరు తగిలించబోయాడు. చాక్‌పీసు గీత కాస్త చెరిగింది. విచారణ మళ్ళీ మొదటికి వచ్చింది.

ఈ పరీక్షలన్నిటికీ పాడి పాడి దేవమణి గొంతు బొంగురుపోయింది. డాక్టరు అసలు గట్టిగా మాట్లాడవద్దన్న మనిషి. "వొదినా, మండుతున్నాది. అన్నయ్యకి నువ్వయినా సెప్పవా" అంది నాతో. నేను చెప్పాను. అది మనిషి, ఇంజను కాదు, వైరు మారిస్తే పోయే చప్పుడుకు ఇంత యాగీ ఎందుకని అడిగాను.

"మార్సేస్తే పోద్ది. పోయినాక దేన్నని ఎంక్వయిరీ సేస్తామే?" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అంత సూటిగా నిజం చెప్పడం అదే మొదటిసారి.

చివరికి తప్పు వైరుదేనని తేలింది. అయితే వైరు ఏ శాఖది? అందులో కరెంటు పారితే తన శాఖదని, పాట పారితే కాదని హరిబాబు అసమ్మతి రాశాడు. ఆ అసమ్మతి మీద వాదన నడుస్తుండగానే కోల్‌కతా ప్రయాణం రోజు వచ్చేసింది. దేవమణి సంచీతో సహా వచ్చి మా వెనక గదిలో కూర్చుంది. ఇంకొక్క సంతకం, కాస్త ఉండమ్మా అన్నారు మా ఆయన.

"నానుంటాను అన్నయ్యా. బండి ఉండదు" అంది దేవమణి. ఇంకాసేపు చూసి, సంచీ తీసుకుని లేచింది.

ఆ సాయంత్రం హరిబాబు అసమ్మతి వెనక్కి తీసుకున్నాడు. వినోద్ వైరు మార్చాడు. టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

ఆపరేషను బాగా జరిగింది. డాక్టర్లు అన్నట్టే ప్రాణం ఆవిడతో తిరిగి వచ్చింది, గొంతు రాలేదు. ఏంజలిన్‌కు ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని దేవమణి మళ్ళీ మైకు ముందు కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ వద్దనలేదు. పెదవులు కదిలాయి. ఏ బండి ఎప్పుడు షెడ్డులోకి వెళుతోందో నాకు ఆ పెదవులను బట్టి తెలుస్తూనే ఉంది. వినోద్ తల ఎత్తకుండానే అంతా రికార్డు చేశాడు.

మా ఆయన చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి నుంచి ఆఖరి గూడ్సు బండి దాకా శ్రద్ధగా విన్నారు. తీసి పక్కన పెట్టారు.

"చిటపటేటీ లేదు. లైన్ క్లియర్" అన్నారు.

ఈసారి హరిబాబు మారుమాట లేకుండా సంతకం పెట్టాడు.