కొత్తవాడికి చోటు లేని సంఘం

కొత్త సభ్యుడు అడుగుపెట్టే అవకాశమే లేని సంఘం కన్నా గొప్ప సంఘం ఈ భూమ్మీద ఉంటుందా? ఉండదు గాక ఉండదు!

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో మా హాల్డెన్‌బ్రిడ్జ్ గ్రామర్ స్కూలు పూర్వ విద్యార్థుల ఫ్రీమేసన్ సోదర సంఘం అలాంటిదే. సభ్యుడు కావాలంటే ఆ బడిలో చదివి ఉండాలి. బడేమో మూతపడి యాభై ఏళ్లయింది! హెడ్మాస్టరు బెత్తం ఝళిపించిన గదిలో ఇప్పుడు సోఫాలు అమ్ముతున్నారు.

దీనివల్ల ఎంత సుఖమో చూడండి. మా పాత జోకులు విని మొహం చిట్లించే కొత్తవాడు లేడు. పదవుల కోసం కొట్లాట లేదు, మనిషికి మూడేసి పదవులు! అందరిలోకీ చిన్నవాడు క్లైవ్‌కి అరవై మూడేళ్లు. వాణ్ని ఇప్పటికీ "ఒరే పిల్లాడా" అనే పిలుస్తాం.

చిక్కల్లా ఒక్కటే. ఏడుగురు లేనిదే సమావేశం జరపకూడదు. మొన్న మార్చిలో పాపం రెజినాల్డ్ పోయాడు, ఆరుగురం మిగిలాం. ఏడోవాడు దొరక్కపోతే సంఘం మూసెయ్యాల్సిందే.

"బయట కారులో నార్మన్ ఉన్నాడుగా! బడి రూలు కాస్త సడలించి వాణ్ని చేర్చుకుంటే పోలా?" అన్నాడు క్లైవ్.

నార్మన్ నా కవల సోదరుడు. పదకొండో ఏట ఇద్దరం ఒకే గదిలో గ్రామర్ స్కూలు ప్రవేశపరీక్ష రాశాం. నేను పాసయ్యాను, వాడు తప్పి వేరే బడికి పోయాడు. ముప్పై ఏళ్లుగా నన్ను సమావేశాలకు దింపి, ఫ్లాస్కులో టీ తాగుతూ బయటే కూర్చుంటాడు. వాడికి సొంత గ్యారేజీ, నలుగురు మనవలు, ఊరినిండా స్నేహితులు. అయితేనేం, పరీక్ష తప్పాడా లేదా?

సరే, ఓటు పెట్టారు. తెల్ల గోళీ వేస్తే చేర్చుకుందామని, నల్ల గోళీ వేస్తే వద్దని. ఒక్క నల్లది పడినా అంతే సంగతులు. పెట్టె తెరిస్తే ఐదు తెల్లవి, ఒక నల్లది!

"ఎవడ్రా ఆ మహానుభావుడు?" అని క్లైవ్ మండిపడ్డాడు. మా ప్రమాణాలు నిలబడ్డాయి, సంఘం మూతపడింది. చప్పట్లు కొట్టరేం?

కారెక్కి సంగతి చెప్పాను. నార్మన్ ఫ్లాస్కు మూత తీశాడు.

"పోనీలేరా, నువ్వు దిగులు పెట్టుకోకు. మా బౌలింగ్ క్లబ్బులో చేరి పచ్చికమీద బంతులు దొర్లిద్దువుగాని. నేను చెప్తే మావాళ్లు కాదనరు," అంటూ నాకూ కాస్త టీ పోశాడు.

నల్ల గోళీ వేసింది నేనేనండీ. ఈ డెబ్బై రెండేళ్లలో నేను వాడికన్నా ముందున్నది ఆ ఒక్క పరీక్షలోనే!